నా వంట కాదు, మీ రక్తం

ఒనిచా,
20 ఏప్రిల్ 1997

నా చిన్న మొగుడికి,

మీ వదిన ఎబెలే రాస్తున్నది. నవ్వకు. నేను మీ ఇంట కోడలిగా అడుగుపెట్టిన నాడు నువ్వు ముక్కు చీదుకుంటూ గడపలో నిలబడ్డావు. మొగుడి అక్కచెల్లెళ్లూ మొగుడితో సమానమేనని, నిన్ను కూడా 'మొగుడా' అని పిలవమని మీ ఇంటి ఆడపడుచులంతా నా మెడ మీద కూర్చుని పిలిపించారు. మా అమ్మగారి ఊళ్లోనూ అదే మర్యాద కాబట్టి నేను పల్లెత్తు మాట అనలేదు. ఇప్పుడా మొగుళ్లంతా కలిసి నన్ను కాల్చుకు తింటున్నారు. మీలో కాస్త మంచిదానివి నువ్వొక్కదానివే. అందుకే రాస్తున్నాను.

మన చిన్నది అనులీ సంగతి. తపస్సు కాలం మొదలవగానే ఉపవాసం పట్టింది. పదహారేళ్ల పిల్లకు ఇంత భక్తా అని చర్చిలో అందరూ ముక్కున వేలేసుకున్నారు. ప్రార్థన కూటం పెద్దావిడ దాన్ని ముందు వరసలో కూర్చోబెట్టి తక్కిన పిల్లలకు చూపించింది. ఈస్టరు వెళ్లింది, ఉపవాసం మాత్రం వెళ్లలేదు. మెడ ఎముకల గుంటల్లో నీళ్లు పోస్తే నిలిచేలా ఉన్నాయి. నెలసరి ఆగిపోయింది. విచిత్రం ఏమిటంటే వంటంతా అదే చేస్తోంది. చేదాకు పులుసు నాకంటే బాగా కాస్తోంది. అందరికీ వడ్డించి, ఎవరెంత తిన్నారో కళ్లప్పగించి చూస్తుంది. నువ్వు తినవే అంటే, "వండేటప్పుడు రుచి చూశానమ్మా, కడుపు నిండిపోయింది" అని నవ్వుతుంది. ఆ నవ్వు చూస్తే చెంప పగలగొట్టాలనిపిస్తుంది, మరుక్షణం కావలించుకుని ఏడవాలనిపిస్తుంది.

పోయిన వారం మీ ఎకెమ్మా అక్క ఊరి ఆడపడుచులందర్నీ వెంటేసుకుని వచ్చింది. చేతిసంచి కూడా కింద పెట్టకుండా సరాసరి వంటింట్లోకి వెళ్లి నా కుండల మూతలు ఎత్తారు. పులుసు రుచి చూశారు. ఎండుచేప ఎవరికి ఎంత వేస్తావని అడిగారు. "బట్టల కొట్టు పెంచుకోవడానికి మా పిల్ల కడుపు మాడుస్తోంది" అని వీధి వీధంతా వినేలా అంది మీ అక్క. అక్కడితో ఆగిందా! ఎప్పుడో దీనికి బట్ట కొలుస్తూ, "నీ నడుముకి రెండు తానులు కావాలే" అని నేను వేళాకోళం ఆడానట. ఆ మాట గుండెలో పెట్టుకుని పిల్ల తిండి మానేసిందట.

అన్నాను. ఒప్పుకుంటున్నాను. ఇరవై ఏళ్లుగా బట్టలమ్ముతున్నాను, వచ్చిన ప్రతి ఆడదాన్నీ అంటాను. లావు ఆస్తి అనుకునే ఊళ్లో అదొక తిట్టా? వచ్చే ఆడపడుచుల సమావేశంలో అందరి ముందు జవాబు చెప్పమన్నారు. మీ అన్న ఎప్పటిలాగే పత్రిక అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

నువ్వు జొహానెస్‌బర్గులో ఇలాంటి పిల్లల వార్డులోనే నర్సువి కదా. ఉన్నమాట చెప్పు. నా నోటివల్లేనా? నా చేతివంట వల్లేనా? అవునంటే అవునని రాయి, తట్టుకుంటాను. తెలియకపోవడమే తట్టుకోలేకపోతున్నాను.

నొన్యేని చూసుకోవడానికి ఒబాగు ఊరివాళ్లు కబురు పెట్టారు. పిల్లవాడి పేరు ఒకెజీ, మోటారు సామాన్ల కొట్టు ఉంది. పెద్దపిల్ల మొహంలో వెలుగు చూడాలి నువ్వు. ఈ గోలలో ఆ సంతోషం కూడా దాచుకుని తిరుగుతోంది పాపం.

పెట్రోలు మళ్లీ దొరకడం లేదు.

నీ వదిన,
ఎబెలే


జొహానెస్‌బర్గ్,
11 మే 1997

ప్రియమైన వదినా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అక్క మీద కోపంతో, రెండోసారి అనులీ కోసం.

ముందు నీ ప్రశ్నకు జవాబు. కాదు. నీ నోరు కాదు, నీ వంట కాదు. నమ్మవని తెలుసు కాబట్టి విడమరిచి చెబుతాను. విను.

మెదడు అడుగున బాదంగింజంత చోటు ఒకటుంది. ఆకలి అని చెప్పేది అదే, చాలు అని చెప్పేదీ అదే. మనకు ఒక పూట తప్పితే చిరాకు, ఒణుకు, ఎవర్ని కరుద్దామా అన్నంత కోపం. ఈ పిల్లలకు అలా కాదు. తినకపోతే వాళ్లకు ప్రశాంతంగా ఉంటుంది, తింటే కంగారు పుడుతుంది. తలలో పారే రసాయనాల పాళ్లు పుట్టుకతోనే వేరుగా ఉండటం దానికి కారణం కావచ్చునని మా డాక్టర్లు అంటారు. ఖాయంగా ఎవరికీ తెలియదు. ఆకలి నొప్పి మనకు తెలిసినట్టు వాళ్లకు తెలియదని మాత్రం నేను రోజూ కళ్లారా చూస్తున్నాను.

కవలల్ని పరిశీలించిన వాళ్లున్నారు. ఒకే పిండం రెండుగా చీలి పుట్టిన వాళ్లలో ఒకరికి ఈ జబ్బుంటే రెండోవాళ్లకూ ఉండటం ఎక్కువట. వేరు వేరు పిండాల కవలల్లో అంత లేదట. రెండు రకాలవాళ్లూ ఒకే ఇంట్లో, ఒకే కుండలో కూడు తిని పెరిగినవాళ్లే కదా? కుండదే తప్పయితే ఇద్దరికీ సమానంగా రావాలి. కాబట్టి పుట్టుకలో, వంశంలో ఏదో ఉంది. అది నిద్రపోతూ ఉంటుంది. ఉపవాసం దాన్ని లేపింది. తిండి తగ్గేకొద్దీ మెదడు కూడా మారిపోతుంది, ఆ మార్పు మొండితనంలా కనిపిస్తుంది. మొదట్లో ఉపవాసం అనులీ చేతిలో ఉంది, ఇప్పుడు అనులీ దాని చేతిలో ఉంది. కాబట్టి దాన్ని తిట్టకు, కొట్టకు.

ఇంకొకటి చెబుతాను. ఇది నీకొక్కదానికే. మా ఒయిరి మేనత్త ఫోటో ఊరి చర్చిలో ఉంది కదా, పూజలో ఇచ్చే ప్రభువు అప్పంతోనే బతికి చిన్నవయసులో పోయిందని అందరూ దణ్ణం పెడతారే? ఆవిడకు అదే జబ్బని నా నమ్మకం. మా నాన్న చెప్పేవాడు, ఆవిడ కూడా ఇంటిల్లిపాదికీ వండిపెట్టి తను ముట్టేది కాదని. అనులీకి ఏదైనా వచ్చి ఉంటే నీ కుండలోంచి రాలేదు వదినా, మా వైపు నుంచి వచ్చింది.

వెంటనే దాన్ని ఎనుగు పట్నానికి తీసుకెళ్లు. అక్కడి ఆసుపత్రిలో తెలిసిన డాక్టర్లున్నారు. ఆలస్యం చేయకు. ఇందులో చనిపోయే పిల్లలు ఉంటారు, నేను చూశాను.

నొన్యేకి నా ముద్దులు. ఒకెజీకి పొట్ట ఉందా లేదా రాయి.

నీ
ఉజుమ్మా


ఒనిచా,
8 జూన్ 1997

నా బంగారు మొగుడా,

నీ కడుపు చల్లగుండా! నీ ఉత్తరం కళ్లకద్దుకున్నాను.

సమావేశానికి కొత్త బట్ట కట్టుకుని, తలకు పెద్ద గుడ్డ చుట్టుకుని వెళ్లాను. మీ ఎకెమ్మా అక్క మధ్యలో కూర్చుని, "ఏం చెప్పుకుంటావో చెప్పుకో" అంది. నేను నీ ఉత్తరం తీసి చదవడం మొదలుపెట్టాను. మొదటి ముక్క నుంచి చివరి ముక్క దాకా. కాగితం మడిచి, "విన్నారుగా? నా వంట కాదు, మీ రక్తం! మీ ఇంటి పిల్లే చెబుతోంది, చదువుకున్న నర్సు చెబుతోంది. మీ ఒయిరి మేనత్త దగ్గర్నుంచీ దిగింది ఇది!" అన్నాను. మీ అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. నా పులుసులో వేలు ముంచి రుచి చూసిన ముసలావిడ లేచి బయటికి వెళ్లిపోయింది. ఎన్నేళ్లకు నా తల ఎత్తించావమ్మా!

ఇద్దరు ముగ్గురు ఏడ్చారనుకో. ఒయిరి మేనత్తను రోగిష్టిదాన్ని చేశానని. ఏడవనీ. నా కుండల మూతలు ఎత్తినప్పుడు నేనూ ఏడ్చాను.

అనులీని ఎనుగులో చేర్చాను. ఆ ఆసుపత్రివాళ్ల లోభం చెప్పలేను. పిల్ల ఎముకల గూడులా ఉంటే గరిటెడు పాలు, మళ్లీ కాసేపటికి గరిటెడు పాలు! అది కూడా కొలిచి. రోజూ రక్తం తీసి పరీక్షలు. నేను పెండలం ముద్ద, చేపల పులుసు పట్టుకెళితే నర్సు గిన్నె బయటే ఆపేసింది. "ఇవన్నీ ఇప్పుడే పెట్టకూడదు" అంటుంది. ఆకలితో చచ్చేదానికి అన్నం పెట్టకూడదనే వైద్యం ఎక్కడైనా ఉందా? బిల్లు మాత్రం గరిటెలతో కొలవడం లేదు.

ఒకెజీకి పొట్ట లేదు. చెవులు పెద్దవి. నొన్యేకి అవే నచ్చాయట.

నీ వదిన,
ఎబెలే


జొహానెస్‌బర్గ్,
29 జూన్ 1997

వదినా,

నీకొక్కదానికే అని రాశాను. ఆ మాట కూడా చదివి వినిపించావా, లేక అక్కడ మాత్రం కళ్లు మూతపడ్డాయా?

ఎకెమ్మా అక్క ఉత్తరం వచ్చింది. దాని నిండా శాపనార్థాలే. చచ్చిపోయిన మేనత్తకు పిచ్చి అంటగట్టానట, వంశాన్ని నడిబజార్లో నిలబెట్టానట, తెల్లవాళ్ల ముందు మోకరిల్లి వాళ్ల పుస్తకాలు మోస్తున్నానట. చర్చిలో ఫోటో తీసేయాలా వద్దా అని చర్చ కూడా జరిగిందట. నాన్న ఉంటే నా మొహం చూసేవాడు కాడు. నీకు జవాబు కావాలని నేను మా ఇంటి గుట్టు విప్పాను, నువ్వు దాన్ని కర్ర చేసుకుని మా అక్కనే కొట్టావు.

పైగా నేను రాసింది నీకు అర్థం కాలేదు. రక్తం అంటే సీసాలో పోసి చూపించేది కాదు. ఒక్క మేనత్తతో వచ్చేదీ కాదు. చిన్న చిన్నవి ఎన్నో కలవాలి. తండ్రి వైపు నుంచి కొన్ని, తల్లి వైపు నుంచి కొన్ని. మీ అమ్మగారింట్లో ఎవరున్నారో నువ్వెప్పుడైనా వెతికావా? ఉన్నా రాకపోవచ్చు, వచ్చినా తగ్గొచ్చు. 'నా వంట కాదు, మీ రక్తం' అని నేనెక్కడ రాశాను? అది నీ కవిత్వం.

నాకూ ఇద్దరు ఆడపిల్లలున్నారు వదినా. రేపు వాళ్లను అడగడానికి వచ్చేవాళ్లు ఊళ్లో ఎవర్ని వాకబు చేస్తారు? ఆ సమావేశంలో కూర్చున్న ఆడవాళ్లనే.

అనులీని ఆసుపత్రిలోనే ఉంచు. డాక్టర్లు చెప్పినట్టు చెయ్యి.

ఉజుమ్మా


ఒనిచా,
27 జూలై 1997

ఆడపడుచు గారికి,

నా కవిత్వం మీకు నచ్చలేదు. మీ విజ్ఞానం మాకేం చేసిందో ఇప్పుడు చెబుతాను.

ఒబాగువాళ్లు వాకబుకు మనుషుల్ని పంపారు. పెళ్లికి ముందు ఎవరైనా చేసేదే, మనమూ చేశాం. దొంగలున్నారా, పిచ్చివాళ్లున్నారా, మూర్ఛలున్నాయా అని ఊరంతా తిరిగి అడుగుతారు. ఆ వచ్చినవాళ్లు తిన్నగా పోయి కూర్చున్నది ఎక్కడో తెలుసా? మీ ఎకెమ్మా అక్క వసారాలో. ఆవిడ ఒక్క ముక్క కూడా అబద్ధం చెప్పలేదట. "మా చిన్నచెల్లెలు నర్సు, తనే రాసింది, మా రక్తంలో అన్నం సహించని జబ్బుందట" అని కళ్లు తుడుచుకుందట. నా మీద కసి తీర్చుకోవడానికి సొంత మేనకోడలి పెళ్లి చెడగొట్టిన ఆడదాన్ని మొదటిసారి చూస్తున్నాను. దానికి కత్తి అందించింది మాత్రం తమరు.

చదివి వినిపించింది నువ్వే కదా అంటారు. అవును, నేనే. రాసింది మీరు.

ఒకెజీ పెదనాన్న మా ఇంటికొచ్చి, మర్యాదకు పెట్టిన కోలాకాయ చేత్తో ముట్టకుండా, "అమ్మాయి మంచిదే. కానీ మా ఇంట పుట్టబోయే పిల్లలు తిండి చూసి పారిపోతారేమో" అన్నాడు. నేను నొన్యే రక్తపరీక్ష కాగితం తెచ్చి చూపించాను. పిల్లలకు దిగే సికిల్ సెల్ రక్తజబ్బు లేదని, ఏఏ రకమని స్పష్టంగా రాసి ఉంది. చర్చివాళ్లు కూడా అదే అడుగుతారు కదా పెళ్లికి. "రక్తం బాగుందని డాక్టరే రాశాడు, ఇంకా ఏం కావాలి?" అన్నాను. ఆ పెద్దాయన కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు. "ఇందులో అన్నం సంగతి లేదే" అన్నాడు. అప్పటికప్పుడు అనులీ రక్తం కూడా పరీక్ష చేయించాను. దానిదీ ఏఏనే. మరి మీరు చెప్పే రక్తం ఏ సీసాలో ఉందో నాకు తెలియడం లేదు.

నొన్యే మూడు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. ఒకెజీ ఏడ్చాడట. వాడు మంచివాడే. కానీ వాడి పెదనాన్నను దాటి పెళ్లి చేసుకునే ధైర్యం వాడికి లేదు, ఆ చెవులు వినడానికే పనికొస్తాయి.

చివరికి వాళ్లొక మాట అన్నారు. "మీ చిన్నపిల్ల మా ముందు కూర్చుని కడుపునిండా తిననీ. అది చూస్తే మాకు ఏ పేచీ లేదు" అని. ఆగస్టు తొమ్మిది, శనివారం వస్తారు.

అనులీని జూన్ మధ్యలోనే ఇంటికి తెచ్చేశాను. మీ సుభాషితం అందేసరికి అది ఇంట్లో ఉంది. ఆ వార్డులో పనిచేసే ఆయా ఒబాగు ఊరిది. రోజూ చూస్తుంటే ఇంకేం దాగుతుంది? ఇంటికొచ్చాక పిల్ల మరీ కరిగిపోయింది. మెట్లెక్కడానికి నా భుజం పట్టుకునేది. నేను తిట్టాను, బతిమాలాను, ఫాదర్ గారితో చెప్పించాను. వినలేదు. విన్నది ఒక్క నొన్యే మాటే. అక్క వచ్చి చెల్లి కాళ్ల దగ్గర కూర్చుని, "నా పెళ్లి నీ నోట్లో ఉందే" అంది. అనులీ తల ఎత్తి, "ఆ చెవులవాడి కోసమా?" అంది. ఇద్దరూ నవ్వారు, ఇద్దరూ ఏడ్చారు. ఆ సాయంత్రమే పెండలం ముద్ద తుంచి నోట్లో పెట్టుకుంది. ఏడుస్తూ మింగింది. కానీ మింగింది!

అప్పట్నుంచీ రోజుకు మూడు పూటలు. పొద్దున గంజి నిండా చక్కెర, మధ్యాహ్నం ముద్ద, రాత్రికి ఎర్రనూనెలో వేయించిన అరటికాయ. పక్కనే కూర్చుని తినిపిస్తున్నాను. మీ గరిటెడు పాల డాక్టర్లు వచ్చి చూస్తే సిగ్గుపడాలి. వారం తిరగకుండా బుగ్గలు నిండాయి. పాదాలు గుండ్రంగా, నున్నగా అయ్యాయి. వేలితో నొక్కితే సొట్ట పడేంత ఒళ్లు పట్టింది! కొంచెం ఆయాసపడుతోంది, అలవాటు లేని తిండి కదా. చీపురుపుల్లలా ఉన్న పిల్ల పెళ్లిలో చూపించేలా తయారైంది.

కాబట్టి మీ పుస్తకాల్లో పుట్టుక, కవలలు, బాదంగింజ అన్నీ మీరే చదువుకోండి. అక్క ప్రేమగా అడిగితే తగ్గిన జబ్బు, జబ్బు కాదు.

మీ పిల్లల పెళ్లిళ్లకు బెంగపెట్టుకోకండి. మాది కుదిరితే మీవీ కుదురుతాయి.

ఇట్లు,
మీ అన్న భార్య


జొహానెస్‌బర్గ్,
6 ఆగస్టు 1997

వదినా,

కోపాలన్నీ పక్కన పెట్టు. ఇది చదవగానే అనులీని ఎనుగు తీసుకెళ్లు. బట్టలు సర్దుకోవద్దు, ఎవరినీ అడగొద్దు. శనివారం ఎవరొచ్చినా సరే.

అది ఒళ్లు పట్టడం కాదు, నీరు పట్టడం. వేలితో నొక్కితే సొట్ట పడటం కండ కాదు వదినా. నెలల తరబడి మాడిన ఒంటికి ఒక్కసారిగా ముద్దలు, చక్కెర పోస్తే రక్తంలో ఉన్న కాసిన్ని లవణాలూ కండలోకి గుంజుకుపోతాయి. గుండె కొట్టుకోవడానికి కావలసినవి మిగలవు. ఆయాసం అందుకే. బాగానే తింటున్నట్టు, బాగుపడుతున్నట్టు కనిపిస్తూనే ఉన్నట్టుండి గుండె ఆగిపోతుంది. గరిటెతో కొలిచి పాలిచ్చింది లోభంతో కాదు, దీనికే. రోజూ రక్తం తీసింది దీనికే.

తిండి మానిపించకు, అది ఇంకా ప్రమాదం. ఎక్కువ పెట్టకు. గంజిలో చక్కెర వద్దు. పాలు కొంచెం కొంచెం. ఆసుపత్రికి వెళ్లేలోగా పడుకోబెట్టు, పని చేయనివ్వకు.

నీ కొట్టు పక్క ఫోను దుకాణానికి నిన్నటి నుంచీ చేస్తున్నాను, లైను చచ్చిపోయి ఉంది. ఎనుగులో నాతో చదువుకున్న ఆవిడకు చేశాను, ఆమె సెలవులో ఉందన్నారు. లాగోస్ వెళ్తున్న ఒక వ్యాపారి చేతికి ఇది ఇస్తున్నాను. స్వయంగా తెచ్చి నీ చేతిలో పెడతానన్నాడు.

వదినా, నీ కాళ్లు పట్టుకుంటాను. నన్ను ఎన్ని తిట్లయినా తిట్టు, ముందు పిల్లను తీసుకెళ్లు.

ఉజుమ్మా


ఒనిచా,
7 సెప్టెంబరు 1997

ఉజుమ్మా,

నీ వ్యాపారి మాట నిలబెట్టుకున్నాడు. లాగోస్‌లో బస్సు పెట్రోలుకు ఆగిపోయిందట, లేకపోతే ముందే వచ్చేవాడినని నిజంగా బాధపడ్డాడు. అనులీని మట్టి చేసిన మర్నాడు వచ్చాడు. వాకిట్లో కుర్చీలు ఇంకా తీయలేదు. వాటిలోనే ఒకదాని మీద కూర్చుని చదువుకున్నాను.

ఇక్కడ అందరికీ మలేరియా అని చెప్పాం. నువ్వు కూడా అదే చెప్పు. ఎవరికీ ఏమీ రాయకు. మీ అన్న నాతో అన్నది ఇదొక్కటే.

శనివారం ఒబాగువాళ్లు వచ్చారు. అనులీ నొన్యే జాకెట్టు వేసుకుంది. బుగ్గలు నిండి చక్కగా ఉంది. చాప మీద కూర్చుని, అందరి కళ్లూ దాని నోటి మీద ఉండగా, రెండు ముద్దలు తిని ఎముక చప్పరించింది. ఒకెజీ పెదనాన్న చప్పట్లు కొట్టి, "ఈ పిల్లను కూడా మాకే ఇచ్చేయండి, మా ఇంట్లో తినేవాళ్లు తక్కువ" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మీ ఎకెమ్మా అక్క కూడా వచ్చింది, మూలన కూర్చుని చూసింది. అనులీ లేచి చేతులు కడుక్కుని, నొన్యే దగ్గరికెళ్లి చెవిలో ఏదో చెప్పింది. నొన్యే అదేమిటో ఈ రోజుకీ నాకు చెప్పడం లేదు.

సోమవారం పెండలం చెక్కు తీస్తూ తీస్తూ పక్కకు ఒరిగింది. బండి మాట్లాడి ఎక్కించేసరికే చేతులు చల్లబడ్డాయి.

పెళ్లి నవంబరులో. వాళ్లు వెనక్కి తగ్గలేదు. "మా కళ్లతో చూశాం, శుభ్రంగా తినే పిల్ల, పాపం జ్వరం వచ్చి పోయింది" అని ఊరంతా వాళ్లే చెబుతున్నారు. మీ వంశం రక్తం శుభ్రంగా తేలింది. మీ అక్క నన్ను కావలించుకుని ఏడ్చింది, ఎవరూ లేనప్పుడు. ఒయిరి మేనత్త ఫోటో ఉన్నచోటే ఉంది. నీ పిల్లలకూ ఇబ్బంది లేదు. నొన్యే మాత్రం పళ్లెం ముందు కూర్చుంటుంది గానీ ముద్ద ఎత్తడం లేదు. నేను బలవంతం చేయడం లేదు. చేయాలో వద్దో నాకు తెలియడం లేదు.

ఎందుకు తినదో కాగితాల నిండా రాశావు. కవలలు రాశావు, మేనత్తను రాశావు. అదంతా నేను అడిగాను కాబట్టే రాశావు, కాదనను. తింటే ఏమవుతుందో మాత్రం ఒక్క ముక్క ముందుగా రాయలేదు. నేను అడగలేదు, నువ్వు చెప్పలేదు. నీ వంశం పరువు గురించి రాసిన ఆ ఉత్తరంలో కాస్త చోటు దొరకకపోయిందా? నేను ఆ పిల్లను ఆసుపత్రి నుంచి లాక్కొచ్చాను. అది నా తప్పు. ఆ తప్పును రోజూ నాకు నేనే వడ్డించుకుంటున్నాను, నువ్వు సాయం పట్టనక్కర్లేదు.

కానీ ఒకటి చెప్పాలి నీకు. మీ అన్నకు కూడా చెప్పలేదు. అది పోవడానికి ముందు రోజు, ఆదివారం పూజ నుంచి వచ్చాక, ఎవరూ బతిమాలలేదు, ఎవరూ చూడటం లేదు, అనులీ తనంతట తనే వంటింటి గుమ్మంలోకొచ్చి, "అమ్మా, ఆకలేస్తోంది" అంది. ఈ పిల్లలకు ఆకలి తెలియదని రాశావే, దానికి తెలిసింది. ఎన్ని నెలలకు విన్నాను ఆ మాట! అన్నం పెట్టాను, కోడిగుడ్డు వేయించి పెట్టాను. తింది. "ఇంకొంచెం" అంది. పెట్టాను. మళ్లీ అడిగింది. కుండ గీకి మరీ పెట్టాను, ఏడుస్తూ, నవ్వుతూ.

నువ్వుండి ఉంటే ఆ పళ్లెం దాని చేతిలోంచి లాగేసేదానివి. అడిగిన బిడ్డకు అన్నం పెట్టనివ్వలేదని నిన్ను జన్మంతా తిట్టుకుంటూ బతికేదాన్ని. అలా తిట్టుకుంటూ బతికినా బాగుండేది.

ఎబెలే